నత్తకు జీతం లేదు

అక్వేరియం అద్దానికి పాచి పట్టిందా? తోమకండి. నత్తను కొనండి.

ఈ సలహా ఇవ్వడానికి నాకున్న అర్హత ఏమిటంటే, గడిచిన నాలుగేళ్లలో 31 నత్తలు నా చేతుల మీదుగా వెళ్లాయి. ఎక్కడికి వెళ్లాయని అడక్కండి. నూరుమందిని సాగనంపితే గానీ వైద్యుడు కాడంటారు, ఆ లెక్కన నేను మూడో వంతు వైద్యుణ్ణి. హైదరాబాదులో మూడో అంతస్తు ఫ్లాటు మాది. హాల్లో టీవీ పక్కన 40 లీటర్ల గాజు తొట్టి, అందులో మా చిన్నాడి పుట్టినరోజుకు కొన్న పద్నాలుగు చేపలు. కొన్న మూడో వారానికే అద్దానికి ఆకుపచ్చ పొర పట్టింది. నాలుగో వారానికి చేపలు ఉన్నాయో లేవో తెలియాలంటే పైనుంచి తొంగిచూడాల్సి వచ్చింది.

అద్దం తోమే పని మా పనావిడకు అప్పగిద్దామని మొదట అనుకున్నాను. ఆవిడది కైకలూరు పక్కన పల్లె. కొల్లేటి ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి, నీళ్లూ చేపలూ ఆవిడకు కొత్త కాదు. తొట్టి చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "నెలకి మూడొందలు ఎక్కువిస్తే తోముతానండి. కానీ బాబుగారూ, ముందా కిటికీకి తెర వేయించండి. ఎండ పడినన్నాళ్లూ నేను తోముతానే ఉండాలి, మీరు ఇస్తానే ఉండాలి" అంది. డబ్బులిచ్చి మరీ హితబోధ వినడమెందుకని నత్తల దారి పట్టాను. నత్త ధర 80 రూపాయలు, అదీ ఒక్కసారే. ఆదివారం సెలవడగదు. దసరాకు చీర అడగదు. జ్వరమొచ్చిందని పొద్దున్నే ఫోన్ చేయదు. అసలు నోరు తెరవదు, తెరిచినా అద్దం మీదే.

నత్తను ఇలా పనిలో పెట్టుకోవడం నా సొంత ఆలోచన కాదు. దీనికి పెద్దల దాఖలా ఉంది. లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త ఒక గాజు పాత్రలో రెండు చిన్న గోల్డ్ ఫిష్‌లను, ఒక వాలిస్నేరియా మొక్కను వేసి నీళ్లు మార్చకుండా వదిలేశాడు. మొక్క ఇచ్చే ఆక్సిజన్‌తో చేపలు బాగానే ఉన్నాయి గానీ, ఆకులు కుళ్లి నీళ్లు కలకబారాయి, అద్దానికి పచ్చటి జిగురు పట్టింది. అప్పుడాయన చెరువు నత్తలను తెచ్చి అందులో దించాడు. కుళ్లిన ఆకునూ జిగురునూ అవి తిన్నాయి. అవి పెట్టిన గుడ్లను చేపలు తిన్నాయి. నీళ్లు తేటపడ్డాయి. 1850లో ఆయన ఈ సంగతంతా రాసి అచ్చు వేయించాడు. లండన్ జంతు ప్రదర్శనశాల వాళ్లు జనం చూడ్డానికి ఫిష్ హౌస్ తెరిచింది ఆ తర్వాత మూడేళ్లకు, 1853లో. అంటే ఇంట్లో అక్వేరియం అనే ముచ్చట మొదలైన నాడే నత్త ఉద్యోగంలో చేరింది.

కాకపోతే వారింగ్టన్ ఒక పొరపాటు చేశాడు. అంత పాత్రలో రెండే చేపలు. రెండు! ఇంటికొచ్చినవాళ్లు ఏమనుకుంటారు? మనం పద్నాలుగు వేద్దాం. మొక్కలు కూడా అనవసరం, ప్లాస్టిక్‌వి చాలు, అవి కుళ్లవు. తూకం సంగతి నత్త చూసుకుంటుంది.

ఎంపిక

షాపులో నాలుగైదు రకాల నత్తలుంటాయి. పేర్లు అడక్కండి, అడిగితే మీకు తెలియదని అతనికి తెలిసిపోతుంది. ముత్యపు చిప్పలన్నీ ఒక రేవున, నత్తగుల్లలన్నీ ఒక రేవున అన్నారు పెద్దలు. నత్తగుల్లలన్నీ ఒకటేనని దాని తాత్పర్యంగా నేను తీసుకున్నాను.

చాదస్తులు మాత్రం, అద్దం మీద పాచిని నిజంగా గీకి తినేది నెరైట్ నత్త ఒక్కటేనన్నంత గట్టిగా వాదిస్తారు. రూపాయి బిళ్లంత ఉంటుంది, జీబ్రా చారలుంటాయి. పక్కనే పసుపు రంగులో చిన్న నిమ్మకాయంత మిస్టరీ నత్త మీసాలు ఊపుతూ తిరుగుతుంటే, ఈ చారల గుండీని ఎవరు కొంటారు? మిస్టరీ నత్త పాచిని ఏదో రుచి చూస్తుందట, దాని అసలు భోజనం చేపలు వదిలేసిన మేత, కుళ్లిన ఆకులట. ఉండనివ్వండి. మా సోఫా కవర్లు పసుపు.

ఇంకో చాదస్తం: మిస్టరీ నత్తలాగే కనిపించే పెద్ద యాపిల్ నత్త ఒకటి ఉందని, దాని గుల్ల మెలికల మధ్య లోతైన కాలవ ఉంటుందని, ఆ కాలవ ఉన్నది మొక్కల్ని మొదలంటా మేసేస్తుందని, భుజం చదునుగా ఉన్నది సాధువని. గుల్లకు భుజం ఎక్కడుంటుందో చూడ్డానికి నాకు దగ్గరచూపు అద్దాలు కావాలి. అవి ఇంట్లో మరిచిపోయాను.

చివరగా, షాపు తొట్టిలో అద్దం మీద చకచకా పాకుతున్న నత్తను ఎంచుకోకండి. అది దుడుకు. అడుగున కదలకుండా పడి ఉన్నదాన్ని తీసుకోండి. నెమ్మదస్తురాలు.

గృహప్రవేశం

ముహూర్తం ఎంత త్వరగా ఉంటే అంత మంచిది. తొట్టి కొన్న రోజే చేపలు, చేపలు వేసిన రోజే నత్త. కొత్త తొట్టికి నాలుగు నుంచి ఆరు వారాలు ఆగాలనేవాళ్లున్నారు. చేపల విసర్జనలోంచి, కుళ్లిన మేతలోంచి పుట్టే అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని మళ్లీ నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టర్ స్పాంజిలో కాపురం పెట్టాలట. మొదటి రెండూ కాస్తంత ఉన్నా ప్రాణం తీస్తాయట. ఇల్లు నాది, ఈఎంఐ నాది, బ్యాక్టీరియా గృహప్రవేశం చేసేదాకా నేను ఆగాలా?

కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. ఒక రోజు బకెట్లో పట్టి ఉంచడమో, నాలుగు చుక్కలు యాంటీ క్లోరిన్ వేయడమో చేస్తారు. కుళాయి విప్పి నేరుగా పట్టండి. మనం తాగడం లేదూ?

నత్తను తెచ్చిన కవరును తొట్టిలో పావుగంట తేల్చడం, కవర్లోకి తొట్టి నీళ్లు కొంచెం కొంచెంగా కలపడం కూడా కాలయాపనే. కవరు బోర్లించండి. నత్త వెంటనే తలుపు వేసుకుంటుంది. దాని పాదానికి వెనక గట్టి మూత ఒకటుంటుంది, లోపలికి ముడుచుకోగానే అది గడపకు సరిగ్గా సరిపోతుంది. కొత్త చోట ఒకటి రెండు రోజులు అలా ఉండిపోవడం మామూలేనని విన్నాను. కాబట్టి నా మొదటి నత్తను కదిలించలేదు. మూడో రోజు తలుపు కొంచెం తెరుచుకుని వేలాడుతోంది. ధ్యానంలో ఉందనుకున్నాను. ఐదో రోజు నీళ్లు పలచని మజ్జిగలా అయ్యాయి. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, "డ్రైనేజీ మళ్లీ పొంగిందా?" అంది. పనావిడ చెయ్యి పెట్టి నత్తను తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని, మొహం తిప్పేసుకుంది. నత్త బతికుందో లేదో తేల్చడానికి వాసనను మించిన పరీక్ష లేదని ఆ రోజు తెలిసింది. చచ్చిన నత్త అంత తొట్టిని రెండు రోజుల్లో విషం చేయగలదని కూడా తెలిసింది, ఎందుకంటే మూడు చేపలు దాని వెంటే వెళ్లాయి. ధ్యానంలో అంత శక్తి ఉంది.

నీళ్లు

మా అపార్ట్‌మెంట్ బోరు నీళ్లు ఎలాంటివంటే, స్నానాల గదిలో కుళాయిలు ఆరు నెలలకే తెల్లగా సున్నం కట్టుకుంటాయి, గీజర్ కాయిల్ ఏడాదికొకసారి గుల్లబారుతుంది. అలాంటి నీళ్లలో సుకుమారమైన జీవిని ఉంచడానికి మనసొప్పక, రెండో నత్త నుంచి ఆర్‌వో నీళ్లు పోయడం మొదలుపెట్టాను. చేపలవాళ్లెవరో బాదం ఆకులు వేస్తే నీళ్లకు మంచిదన్నారని కింద చెట్టు నుంచి పది ఆకులు ఏరి అవీ వేశాను. నీళ్లు డికాక్షన్ రంగుకు తిరిగాయి. నత్త అద్దం మీద పాకుతూనే ఉంది. నెల తిరిగేసరికి దాని గుల్ల కొన దగ్గర తెల్లటి గుంటలు పడ్డాయి. ఇంకో నెలకు మెలిక మీద పొర లేచిపోయి, గోరుతో తడితే సుద్దముక్కలా రాలుతోంది.

ఫాషన్ అనుకున్నాను. ఇప్పుడు జీన్స్ కూడా చిరిగినవే కొంటున్నారు.

పనావిడే అంది: "గుల్లసున్నం దేంతో చేస్తారండి బాబుగారూ? మా అమ్మమ్మోళ్ల ఊళ్లో గుల్లలు కాల్చే బట్టీ ఉండేది. గుల్లంటేనే సున్నం. సున్నం లేని నీళ్లలో పెడితే ఉన్నది కరిగిపోదూ?" ఆవిడ చెప్పింది రసాయన శాస్త్రం ప్రకారం నిజమేనని తర్వాత తెలిసింది. నత్తగుల్ల క్యాల్షియం కార్బొనేట్. నీళ్లలో క్యాల్షియం లేకపోతే కొత్త గుల్ల పెరగదు, నీళ్లు ఆమ్లానికి తిరిగితే, అంటే పీహెచ్ 7 కన్నా కిందికి దిగితే, పాత గుల్ల కరుగుతుంది. ఆర్‌వో నీళ్లలో క్యాల్షియం దాదాపు ఉండదు, బాదం ఆకులు పీహెచ్‌ను కిందికి లాగుతాయి. అంటే నేను రెండు వైపుల నుంచీ ముట్టడి వేశానన్నమాట. మా కుళాయిలకు పేరుకున్న ఆ సున్నపు బోరు నీళ్లే నత్తకు పాయసమట. అది కుదరనప్పుడు చిలకల పంజరాల్లో కట్టే సముద్రపు నురుగు ముక్క ఒకటి తొట్టిలో వేసినా, కోడిగుడ్డు పెంకులు కడిగి వేసినా మెల్లగా కరిగి పనిచేస్తాయట.

ఇవన్నీ మీకు చెప్పి మనసు పాడుచేయడం నా ఉద్దేశం కాదు. పనివాడి ఎముకల గట్టితనం గురించి యజమాని ఎప్పుడు పట్టించుకున్నాడు? మా అమ్మ క్యాల్షియం మాత్రలే నేను రెండు నెలలుగా తేలేదు.

వెలుతురూ మేతా

నా పద్ధతిలో కీలకం ఇది. ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి.

నత్త పనిలో చేరాక దానికి చేతినిండా పని చూపించాలి. ఖాళీగా ఉంటే పనివాళ్లు చెడిపోతారు. అందుకని తొట్టి తూర్పు కిటికీకి ఎదురుగా ఉండాలి. పొద్దున్నుంచి ఎండ, మధ్యాహ్నం నుంచి ఎల్‌ఈడీ, రాత్రి సీరియళ్లు అయిపోయేదాకా అదే ఎల్‌ఈడీ. మొక్కలున్న తొట్టికైనా రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటల వెలుతురు చాలని, దానికో టైమర్ ప్లగ్గు పెట్టుకుంటే సరిపోతుందని కొందరంటారు. మా ఇంట్లో పద్నాలుగు గంటలు వెలిగేది. దీపం ఉన్న ఇంటికి లక్ష్మి వస్తుందంటారు కదా. లక్ష్మి రాలేదు గానీ పాచి వచ్చింది.

మేత రోజుకు నాలుగుసార్లు. చేపలు పైకొచ్చి నోళ్లు తెరిస్తే ఎవరికి మాత్రం జాలి వేయదు? రెండు నిమిషాల్లో తినగలిగినంతే వేయాలన్నది పిసినారుల సూత్రం. మా చిన్నాడు ఒక పిడికెడు, మా అమ్మ పూజయ్యాక ఒక పిడికెడు, వచ్చిన చుట్టాల పిల్లలు తలా ఒక పిడికెడు. మిగిలింది అడుక్కి దిగి కుళ్లి నైట్రేటు, ఫాస్ఫేటు అవుతుంది. ఎండా, నీళ్లూ, ఎరువూ మూడూ ఒక్కచోట కుదిరితే ఏం జరుగుతుందో డెల్టా రైతుకు చెప్పనక్కర్లేదు. మా హాల్లో పాచి ఏడాదికి మూడు పంటలు పండింది.

కోతకు నత్త దిగుతుంది. చూడ్డానికి అద్భుతంగా ఉంటుంది, అందులో వ్యంగ్యమేమీ లేదు. నత్త నాలుక మీద సన్నటి పళ్లు వరసలు వరసలుగా వేలల్లో ఉంటాయి, దాన్ని రాడ్యులా అంటారు. ముందు వరస అరిగి రాలిపోతుంటే వెనక నుంచి కొత్త వరస జరుగుతూ వస్తుంది. కొబ్బరి కోరినట్టు అద్దాన్ని గీకుతూ పోతుంది. ఇవతల నుంచి చూస్తే ఆ చిన్న నోరు తెరుచుకోవడం, మూసుకోవడం, అది వెళ్లిన దారంతా పాచిలో వంకరటింకర ముగ్గు పడటం. జన్మలో పళ్లు తోమని జీవి, ఎప్పుడూ పాచిపళ్లే. పాచిపళ్లతో పాచి తినడం కన్నా న్యాయమైన వృత్తి లోకంలో ఇంకేముంది?

అయితే ఒక నత్త ఒక పక్క నుంచి కోసుకొచ్చేలోపల నేను రెండో పక్క మళ్లీ పండించేశాను. అప్పుడు మీరు చేయాల్సింది దీపం తగ్గించడం కాదు, మేత తగ్గించడం అంతకన్నా కాదు. ఇంకో నత్తను కొనాలి. నేను రెండు నుంచి ఆరుకు, ఆరు నుంచి పద్నాలుగుకు వెళ్లాను. పద్నాలుగు నత్తలు పాచిని తింటాయి గానీ తిన్నది మాయం కాదు. నల్లటి దారపు ముక్కల్లా వెనక నుంచి వస్తూనే ఉంటుంది. అందులోంచి పుట్టే అమ్మోనియా నత్తదైనా చేపదైనా ఒకటే, తిరిగి ఎరువే. దీన్ని ఈ రోజుల్లో సర్క్యులర్ ఎకానమీ అంటున్నారు.

కొన్ని రకాలను నత్తలు ముట్టవు. ఆకుల అంచున నల్లటి గడ్డంలా మొలిచేదాన్ని చూసి పక్కకు తప్పుకుంటాయి. ఇసుక మీద దుప్పటిలా పరుచుకునే నీలిపచ్చ జిగురు దగ్గరికి కూడా పోవు. అది పాచి కాదు, సయనోబ్యాక్టీరియా అట. నీళ్లే మొత్తంగా పచ్చబడితే గీకడానికి అసలు ఏమీ ఉండదు. ఇలాంటప్పుడు నత్త బద్ధకిస్తోందని గ్రహించి దాని మీద నిఘా పెంచండి.

ఒక వేసవిలో తాడేపల్లిగూడెంలో మా బావమరిది పెళ్లికి పది రోజులు వెళ్లాం. కరెంటు బిల్లు దండగని దీపం తీసేశాం, ఎండకు సోఫా రంగు వెలిసిపోతుందని మా ఆవిడ కిటికీకి దుప్పటి కట్టింది, మేతను పనావిడకు అప్పగిస్తే రోజుకు చిటికెడు వేసింది. తిరిగొచ్చేసరికి అద్దం నిగనిగలాడుతోంది. నత్తల కష్టమిదని అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టాను. మర్నాడు దుప్పటి విప్పేశాను.

అద్దం అలా శుభ్రపడితే నెరైట్లు ఆకలికి చస్తాయని, వాటికి దోసకాయ ముక్కో పాలకూర ఆకో ఉడకబెట్టి వేయాలని తర్వాత విన్నాను. జీతం లేనిదని తెచ్చుకున్నాం కదా, మళ్లీ భోజనం కూడానా?

వైద్యం

చేపల ఒంటి మీద బొంబాయి రవ్వ చల్లినట్టు తెల్ల చుక్కలొస్తే షాపుకు పరుగెత్తి సీసా తెచ్చి మూతలు మూతలుగా పోయండి. చీటీ చదవొద్దు. చదివితే అందులో కాపర్ అని ఉంటుంది. తోటల్లో సున్నంతో కలిపి బోర్డో మిశ్రమంగా కొట్టే మైలుతుత్తంలో ఉన్నదీ అదే రాగి. చేప తట్టుకునే మోతాదు కూడా నత్తకు, రొయ్యకు విషం. చేపలకు జబ్బు చేస్తే వేరే తొట్టిలోకి మార్చి మందు వేస్తారట. రాగి చెంబులో నీళ్లు తాగితే ఆయుష్షు పెరుగుతుందని నాకు రోజూ పొద్దున్నే మెసేజీ వస్తుంది. నత్తలకు అది ఎవరూ ఫార్వర్డ్ చేసినట్టు లేదు. ఒక్క వారంలో తొమ్మిది.

సహవాసం

వాస్తుకు మంచిదని ఫ్లవర్‌హార్న్ చేపను తెచ్చి అదే తొట్టిలో వేయండి. నుదుటి మీద అంత పెద్ద బుడిపె ఉన్న చేప ఆలోచనాపరురాలే అయి ఉంటుంది. నత్త మీసాలు కనిపించగానే ఆలోచించకుండా కొరికేసింది. దాని సంగతి ఇంతకన్నా రాయను. దాన్ని కొన్న మా బావగారు ఈ పత్రిక చదువుతారు.

సంతానం

తొట్టికి మూత పెట్టకండి. నత్తకు సాయంత్రం వాహ్యాళి అవసరం. మిస్టరీ నత్తకు మొప్పతోపాటు ఊపిరితిత్తి కూడా ఉంటుంది. ఏనుగు తొండంలా గొట్టం చాచి నీటి పైనుంచి గాలి పీల్చుకుంటుంది, కాబట్టి బయట తిరగడం దానికి హక్కు అని నేను వాదించాను. నెరైట్లయితే చెప్పకుండానే గోడెక్కుతాయి. రెండు నత్తలు మూడు నెలల తర్వాత ఫ్రిజ్జు కింద చీపురుకు తగిలాయి, టక్ టక్‌మని శబ్దం చేస్తూ. అప్పటికి చాలా తేలికగా ఉన్నాయి.

ఒకరోజు పొద్దున నీటిమట్టానికి కాస్త పైన, అద్దం మీద, గులాబీ రంగులో చిన్న తేనెపట్టులాంటిది కనిపించింది. మా చిన్నాడు చూయింగ్ గమ్ అంటించాడని రెండు తగిలించాను. పనావిడ చూసి, "గుడ్లండి అవి! మా కొల్లేట్లో నత్తలు గట్టు మట్టిలో తెల్లగా పెడతాయి. ఇదేంటీ గులాబీ రంగు?" అంది. ఆ పట్టును అప్పుడే గీకి తీసేస్తే అయిపోయేదట. పసుపు సోఫా పక్కన గులాబీ బాగుందని ఉంచేశాను. మూడో వారానికి ఆవగింజలంత పిల్లలు వందకు పైగా నీళ్లలోకి రాలాయి. నత్తలకు కుటుంబ నియంత్రణ సంగతి చెప్పే ఎర్ర త్రికోణం ఎవరూ వేయలేదు.

నెరైట్లు ఈ విషయంలో పద్ధతైనవి. అవి తెల్లటి నువ్వు గింజల్లాంటి గుడ్లను అద్దం మీదా రాళ్ల మీదా అంటిస్తాయి. ఉప్పదనం ఉన్న నీళ్లలో తప్ప ఆ గుడ్ల లోంచి పిల్లలు బతికి బట్టకట్టవు. కానీ ఆ గింజలు గోరుకు రావు, బ్లేడుకు రావు. పాచి తీయడానికి తెచ్చిన నత్త పెట్టిన మచ్చలు తీయడానికి ఇంకే ప్రాణిని కొనాలో షాపతను కూడా చెప్పలేకపోయాడు.

అసలు కథ వేరే ఉంది. ప్లాస్టిక్ మొక్కలు వెలిసిపోయాయని చెన్నై కొళత్తూరు నుంచి వచ్చిన అసలు మొక్కలు రెండు కట్టలు కొన్నాను. వాటిని కడిగి, ఆకు వెనక జిగురు బొట్లున్నాయేమో చూసి, కొన్నాళ్లు వేరే బకెట్లో ఉంచి అప్పుడు వేస్తారట. నేను కట్ట విప్పకుండా గుచ్చేశాను. ఆ ఆకులతో వచ్చినవి రెండు రకాలు. ఒకటి బ్లాడర్ నత్త, పలచటి గోధుమరంగు గుల్ల, గోరంత కూడా ఉండదు. దానికి జోడీ అవసరం లేదు, ఆడామగా రెండూ తనే, దిక్కులేకపోతే తనతో తనే కాపురం. రెండోది ట్రంపెట్ నత్త, చిన్న సన్నాయిలా పొడుగ్గా ఉంటుంది. ఇందులో దాదాపు అన్నీ ఆడవే, మగవాడితో పని లేకుండా గుడ్లు కాదు ఏకంగా పిల్లల్నే కంటాయి. పగలంతా ఇసుకలో ఉంటాయి. ఒకటే ఉందనుకున్నాను. ఒక రాత్రి రెండు గంటలకు మంచినీళ్ల కోసం లేచి హాల్లో లైటు వేస్తే అద్దం కనిపించలేదు. అద్దం మీద సన్నాయిలు కనిపించాయి. పెళ్లికి సరిపడా.

వాటి సంఖ్య తిండిని బట్టి ఉంటుంది, తిండి తగ్గిస్తే అవే తగ్గుతాయి అని పనావిడ కూడా అంది, పుస్తకాలు కూడా అన్నాయి. ఇంతమంది పిల్లలున్న ఇంట్లో తిండి తగ్గించమనడం ఏం మాట? ఆ రోజు నుంచి ఐదో పిడికెడు కూడా మొదలుపెట్టాను.

వీడ్కోలు

ఇల్లు గుల్ల అయిందని సామెతగా అంటారు. మాది నిజంగానే అయింది. ఒక ఆదివారం జల్లెడతో దేవుకుని బకెట్ నిండా నత్తలు తీశాను. ఇప్పుడు చేయాల్సింది తెలిసిందే: దగ్గర్లో చెరువు చూసి వదిలేయడం. పుణ్యం కూడా.

దీనికీ పెద్దల దాఖలా ఉంది. 1847లో డబ్ల్యూ.హెచ్. బెన్సన్ అనే నత్తల శాస్త్రవేత్త మారిషస్ నుంచి రెండు ఆఫ్రికా పెద్ద నత్తలను కలకత్తా తెచ్చాడు. అవి చౌరంఘీలో ఒక తోటలో పడ్డాయి. మన దేశంలో ఆ నత్తల కాపురం అక్కడే మొదలైంది. ఇవాళ కేరళ తోటల్లో వానాకాలం రాగానే జనం వాటి మీద చల్లడానికి ఉప్పు ప్యాకెట్లు పట్టుకుని బయల్దేరుతున్నారు. ఇంకో ఘనకార్యం తైవాన్‌ది. 1980 ప్రాంతంలో దక్షిణ అమెరికా నుంచి గోల్డెన్ యాపిల్ నత్తను తిండికోసమని తెచ్చారు, పెంచారు, రుచి ఎవరికీ నచ్చలేదు, వదిలేశారు. నత్తకు మాత్రం వరి నారు రుచి బాగా నచ్చింది. అక్కడి నుంచి ఫిలిప్పీన్స్, వియత్నాం దాకా నాట్లేసిన మళ్లలో లేత పైరును మొదలంటా కోసుకుంటూ వెళ్లింది. చివరకు యూరప్ వాళ్లు 2012లో ఆ యాపిల్ నత్త ప్రజాతిని మొత్తంగా తమ సరిహద్దులోకి రావొద్దన్నారు. ఒక బకెట్టుతో ఇంత పేరు సంపాదించవచ్చు.

బకెట్ పట్టుకుని బయల్దేరుతుంటే పనావిడ గుమ్మంలో అడ్డం నిలబడింది. "చెరువులో వద్దండి బాబుగారూ, దాని కింద ఎవరో నాట్లేసుకుని ఉంటారు" అంది. నాట్లా? ఇక్కడా? నవ్వి, లిఫ్టు దిగి, స్కూటర్ ముందు బకెట్ పెట్టుకుని, పన్నెండేళ్ల క్రితం ఫ్లాటు చూడ్డానికి వచ్చినప్పుడు బిల్డరు చూపించిన చెరువు వైపు వెళ్లాను. లేక్ వ్యూ అని చదరపు అడుక్కి వంద ఎక్కువ తీసుకున్నాడు. రెండు సందులు తిరిగాను. చెరువు ఉండాల్సిన చోట మూడు బ్లాకుల అపార్ట్‌మెంటు ఉంది. గేటు దగ్గర వాచ్‌మన్ బకెట్లోకి తొంగిచూసి, "ఏ ఫ్లాట్‌కు సార్, డెలివరీ?" అన్నాడు.

బకెట్‌తో తిరిగొచ్చాను. పనావిడ ఏమీ అనకుండా బకెట్ అందుకుని, కాగుతున్న నీళ్లు తెచ్చి పోసి, గుల్లలన్నీ బాల్కనీలో గులాబీ కుండీ మొదట్లో కప్పెట్టింది. "సున్నం కదండీ. మొక్కకన్నా పనికొస్తది."

అద్దం ఈ వేళ కూడా పచ్చగానే ఉంది. నిన్న షాపుకు వెళ్లి నత్తల పనితనం గురించి కొంచెం గట్టిగానే అడిగాను. ఇప్పుడు నత్తలెవరు సార్ వేస్తున్నారు, సక్కర్ ఫిష్ తీసుకెళ్లండి అన్నాడు. నోరు అద్దానికి అంటించి రోజంతా గీకుతూనే ఉంటుందట. వేలెడంత ఉంది, ఒంటినిండా మచ్చలు, ముచ్చటగా ఉంది. 60 రూపాయలు. ఇంతకన్నా పెరగదని ఒట్టేసి చెప్పాడు.

తెచ్చి తొట్టిలో బోర్లించగానే పనావిడ చీపురు పక్కన పెట్టి వంగి చూసింది. "ఇదేగాండీ దెయ్యం చేప! మా ఊళ్లో ఇది పడిందంటే వల చింపేసుద్దండి. మూరెడు పెరుగుద్ది."

అది వేరే జాతి అయి ఉంటుందని చెప్పాను. కిటికీ తెర పక్కకు జరిపి, దీపం వేసి, దానికి పని చూపించాను.